డ్రమ్ము మీది మాట నుంచి మొదలుపెడదాం

టీసీఎస్ అనగానే మన క్యాంపస్‌లో అందరికీ ముందు గుర్తొచ్చేది ప్లేస్‌మెంట్లే. కానీ ఆ కంపెనీకి, మనలో చాలామంది రోజూ బస్సులో దాటి వచ్చే బీరంగూడకి, ఉద్యోగాలతో ఏమాత్రం సంబంధం లేని ఒక పాత బంధం ఉంది. 2000 ఫిబ్రవరిలో, అప్పటి మెదక్ జిల్లాలోని బీరంగూడలో, చదువు రాని కొంతమంది ఆడవాళ్ళని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి తెలుగు చదవడం నేర్పారు. కంప్యూటర్ సాయంతో పెద్దవాళ్ళకి చదువు చెప్పాలన్న టీసీఎస్ ప్రయోగం అక్కడే, మన తెలుగులోనే మొదలైంది. ట్రైనింగ్ అయిన టీచర్ లేకుండానే ఎనిమిది, పది వారాల్లో వాళ్ళు తెలుగు పేపర్ చదవడం మొదలుపెట్టారు. దీని వెనక ఉన్న మనిషి టీసీఎస్ తొలి సారథి ఎఫ్.సి. కోహ్లీ. ఆ తర్వాత ఈ పద్ధతి హిందీ, తమిళం, మరాఠీ, బెంగాలీ లాంటి భాషల్లోకి కూడా వెళ్ళింది.

ఇప్పుడు బీరంగూడ అంటే అపార్ట్‌మెంట్లు, ట్రాఫిక్, గుట్ట మీద మల్లికార్జునస్వామి గుడి. ఆ పాఠం అక్కడ మొదలైందని మా బ్యాచ్‌లో నేను అడిగిన వాళ్ళెవరికీ తెలీదు. అక్కడి నుంచి కాస్త దూరం వెళ్తే పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం, ఇటు బొల్లారం, గడ్డపోతారం, ఖాజీపల్లి. ఈ ఫ్యాక్టరీల్లో పనిచేసే ఎంతోమందికి గేటు మీద రాసింది ఏంటో ఇంకా తెలీదు. పాతికేళ్ళ క్రితమే దారి దొరికితే, ఇంకా ఈ పరిస్థితి ఎందుకుంది? పోయిన సెమిస్టర్ మా ఎన్.ఎస్.ఎస్. టీమ్‌తో ఇస్నాపూర్ వైపు ఒక కార్మికుల బస్తీలో వారానికి మూడు సాయంత్రాలు కూర్చున్నాక నాకు అర్థమైనది ఇక్కడ రాస్తున్నా.

ఎవరికి చదువు వచ్చినట్టు?

ముందు లెక్క. మన జనాభా లెక్కల్లో ఏడేళ్ళు, ఆపైన వయసున్న మనిషి ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవగలిగి, రాయగలిగితేనే అక్షరాస్యుడు. చదవడం వచ్చి రాయడం రాకపోతే లెక్కలోకి రారు. సంతకం మాత్రమే వచ్చినా రారు. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి మెదక్ జిల్లాలో అక్షరాస్యత దాదాపు 61 శాతం. ఆడవాళ్ళలో అయితే 51 శాతం చిల్లర. అంటే ఇద్దరిలో ఒకరు. 2016లో సంగారెడ్డి జిల్లా విడిపోయింది ఆ మెదక్ నుంచే.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. బస్తీలో చాలామందికి సంతకం వచ్చు. మహిళా సంఘాల పుణ్యమా అని బ్యాంకులో వేలిముద్ర వేసే రోజులు చాలా ఇళ్ళలో పోయాయి. కానీ సంతకం అంటే వాళ్ళకి ఒక బొమ్మ. ముగ్గు వేసినట్టు వేస్తారు. ఒక అక్క తన పేరు టకటకా రాసింది. అందులోని ఒక అక్షరాన్నే ఇంకో మాటలో చూపిస్తే గుర్తుపట్టలేదు. "ఇది నా పేరులదే గానీ, ఒక్కటే ఉంటే ఎట్ల తెలుస్తది?" అంది. పేరు మొత్తం ఆమెకి ఒకే గుర్తు.

ఫ్యాక్టరీలో అక్షరం విలువ

మన ఏరియాలో మందుల కంపెనీలు, కెమికల్ ప్లాంట్లు ఎక్కువ. అక్కడ హెల్పర్ ముందుకొచ్చే ప్రతి వస్తువు మీదా రాత ఉంటుంది. డ్రమ్ము మీద లేబుల్, సంచి మీద బ్యాచ్ నంబర్, పైపు మీద పేరు, వాల్వ్‌కి తగిలించిన ట్యాగ్. పక్కపక్కనే ఒకే రంగు డ్రమ్ములు రెండుంటే తేడా చెప్పేది ఆ కాగితమే. ప్రతి కెమికల్‌కీ ఒక సేఫ్టీ డేటా షీట్ ఉంటుంది. అందులో 16 విభాగాలు. మీద పడితే ఏం చేయాలి, మంట అంటుకుంటే దేంతో ఆర్పాలి, అన్నీ రాసి ఉంటాయి. మనకి ఎక్కువగా కనిపించేది ఇంగ్లిష్‌లో. డ్రమ్ము మోసే మనిషికి అది తెల్ల కాగితంతో సమానం.

చట్టం ఈ విషయం ఎప్పుడో ఆలోచించింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్ ప్రకారం ఆ చట్టం పెట్టమన్న నోటీసులు ఇంగ్లిష్‌తో పాటు ఎక్కువమంది కార్మికులకి అర్థమయ్యే భాషలో ఉండాల్సి ఉండేది. భోపాల్ దుర్ఘటన తర్వాత, 1987 సవరణతో, పనిలో తన ఆరోగ్యం, భద్రత గురించి సమాచారం తీసుకునే హక్కు కార్మికుడికి వచ్చింది. 2020 నాటి వృత్తి భద్రతా కోడ్‌లోనూ ఆ హక్కు ఉంది. కానీ అర్థమయ్యే భాషలో రాసినంత మాత్రాన అర్థమవదు కదా. చదవడం కూడా రావాలి.

2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఫార్మా కర్మాగారంలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. అందులో చాలామంది ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ లాంటి చోట్ల నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్ళు. వాళ్ళకి చదువొచ్చి ఉంటే ఆ ప్రమాదం ఆగేదని నేను అనడం లేదు. అలా అనడం తప్పు కూడా. యంత్రాన్ని సరిగ్గా పెట్టాల్సింది, గాలి ఆడేలా చూడాల్సింది యాజమాన్యం. కార్మికుడికి అక్షరాలు నేర్పి ఆ బాధ్యతని అతని నెత్తిన పెట్టకూడదు. కానీ చదవడం వస్తే ఒకటి మాత్రం జరుగుతుంది. "ఇందులో ఇట్ల రాసుంది, మరి ఇక్కడ అట్ల లేదేంది సార్?" అని అడిగే గొంతు ఒకటి లోపల తయారవుతుంది.

ఇంకోటి జీతం స్లిప్పు. మా సాయంత్రం క్లాసుకి వచ్చిన ఒక పెద్దాయన మొదటిరోజే తేల్చి చెప్పాడు: "తమ్మీ, నాకు ఈ వయసుల అ ఆలు ఎందుకు? గీ స్లిప్పుల నా పైసలు ఏడేడ కోసిండ్రో అది చదువుడు నేర్పు, చాలు." ఆయన లేబర్ కాంట్రాక్టర్ కింద పనిచేస్తాడు. స్లిప్పులో పీఎఫ్, ఈఎస్ఐ, ఓటీ అని గళ్ళు ఉన్నాయి. పీఎఫ్ కింద మామూలుగా మూల వేతనం, డీఏ కలిపి అందులో 12 శాతం పోతుంది. ఓటీకి రెట్టింపు రేటు ఇవ్వాలని చట్టం. ఈ రెండు గళ్ళు చదవడం, ఒక గుణకారం చేయడం వస్తే తన డబ్బు తానే సరిచూసుకోవచ్చు. ఆయనకి కావాల్సిన సిలబస్ అదే.

అ ఆల నుంచి కాదు, మాట నుంచి

చిన్నపిల్లలకి అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు అన్న వరసలో చెప్తాం. పిల్లలకి టైమ్ ఉంటుంది, మాటలు తక్కువుంటాయి. పెద్దవాళ్ళకి సరిగ్గా ఉల్టా. నలభై ఏళ్ళ మనిషికి వేల మాటలు నోట్లో ఉన్నాయి, టైమ్ మాత్రం లేదు. అలాంటి మనిషిని మూడు వారాలు "ఋ ౠ" దగ్గర కూర్చోబెడితే నాలుగో వారం రాడు.

బీరంగూడ ప్రయోగం పట్టుకున్నది ఈ పాయింటే. అక్షరాల నుంచి కాకుండా తెలిసిన మాటల నుంచి మొదలుపెట్టారు. స్క్రీన్ మీద బొమ్మ వస్తుంది, మాట వినిపిస్తుంది, ఆ మాట ముక్కలుగా విడిపోయి మళ్ళీ కలుస్తుంది. పాఠాలు కొత్తగా రాయలేదు, జాతీయ అక్షరాస్యతా మిషన్ వాచకాలనే వాడుకున్నారు. పాత కంప్యూటర్ల మీద కూడా నడిచేలా చేశారు. మిషన్ మామూలు వాచకాలకి 200 గంటలు పెట్టుకుంటే, టీసీఎస్ లెక్కలో ఇది సుమారు 40 గంటల్లో అయ్యేది. ఒక మాట గుర్తుంచుకోవాలి, అది చదవడం వరకే. రాయడం వేరే నేర్పాలి.

మాట నుంచి మొదలుపెట్టడం కోహ్లీతో పుట్టింది కాదు. బ్రెజిల్‌లో పాలో ఫ్రేరి అనే ఉపాధ్యాయుడు 1963లో ఆంజికోస్ అనే ఊళ్ళో సుమారు 300 మందికి 40 గంటల పాఠాలతో చదువు చెప్పి ప్రపంచం దృష్టిలో పడ్డాడు. ఆయన ముందు ఆ ఊళ్ళోవాళ్ళు రోజూ ఏ మాటల చుట్టూ బతుకుతున్నారో వినేవాడు. ఇళ్ళు కట్టే కూలీలైతే 'ఇటుక' అన్న మాటతో మొదలు. ఇటుక ఎవరు చేస్తున్నారు, ఇల్లు ఎవరికి కడుతున్నారు అని మాట్లాడుకుంటూ ఆ మాటని విడగొట్టేవాళ్ళు.

మరి పటాన్‌చెరులో ఆ మొదటి మాట ఏది? మేము 'మంట'తో మొదలుపెట్టాం. ఫ్యాక్టరీలో ప్రతివాడికీ తెలిసిన భయం అది, ఒత్తు లేని మాట కూడా. మొదటి అక్షరం ఒక్కటి మారిస్తే వంట, పంట, గంట, జంట. సున్నా తీసి దీర్ఘం ఇస్తే మాట. కొమ్ము దీర్ఘం ఇస్తే మూట. ఒక్క సాయంత్రంలో ఏడు మాటలు. అన్నీ వాళ్ళవే. 'పంట' దగ్గరికి రాగానే క్లాసు ఆగిపోయింది. నారాయణఖేడ్ వైపు నుంచి వచ్చిన ఒకాయన తన ఎండిపోయిన బోరు కథ చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరూ ఆపలేదు. మర్నాడు ఆయన 'బోరు' అన్న మాట రాయించమని అడిగాడు.

రెండో వారం నుంచి 'జీతం', 'సెలవు', 'గేటు', 'నీరు'. 'గ్యాస్', 'వాల్వ్' లాంటి మాటల్లో ఒత్తులూ పొల్లులూ ఉంటాయి కాబట్టి వాటిని మొదట బొమ్మలాగే గుర్తుపట్టనిచ్చాం, విడగొట్టడం తర్వాత. డేంజర్ గుర్తులు కూడా పాఠంలో కలిపాం. ఎర్ర అంచు డైమండ్‌లో నల్ల బొమ్మ వేసే అంతర్జాతీయ గుర్తులు మొత్తం 9. పుర్రె, మంట, చేతి మీద పడుతున్న యాసిడ్ లాంటివి. ఇవి వస్తే భాష రాకముందే సగం ప్రమాదం తెలుస్తుంది.

40 గంటలు ఎక్కడి నుంచి తేవాలి?

మనం ఇంజనీర్లం కదా, లెక్క వేద్దాం. రోజుకి అరగంట అనుకుంటే 40 గంటలకి 80 రోజులు. వారానికి ఐదు రోజులైతే 16 వారాలు. అంటే ఒక సెమిస్టర్. చూడ్డానికి చిన్నదే. కానీ 12 గంటల షిఫ్ట్, రానుపోను గంటన్నర, వంట, పిల్లలు అయ్యాక ఆ అరగంట ఎవరికి మిగులుతుంది? మా క్లాసుకి మొదటి వారం 22 మంది వచ్చారు, ఐదో వారానికి 9 మంది. నైట్ షిఫ్ట్ పడ్డ వారం మగవాళ్ళు రారు, నల్లా నీళ్ళు వచ్చే రోజు ఆడవాళ్ళు రారు. ఇది ఇష్టం లేక కాదు, వాళ్ళ చేతిలో టైమ్ లేక.

అందుకే ఆ అరగంట పనిగంటల్లోనే ఉండాలి. ఇది కొత్త ఆలోచన ఏం కాదు. 1965లో టెహ్రాన్‌లో యునెస్కో ఆధ్వర్యంలో జరిగిన ప్రపంచ సభ చదువుని పనితో ముడిపెట్టాలని గట్టిగా చెప్పింది. సెప్టెంబర్ 8న మనం జరుపుకునే అక్షరాస్యతా దినోత్సవం ఆ సభ మొదలైన తేదీయే. మన దేశంలో 1967లో బొంబాయిలో పారిశ్రామిక కార్మికుల కోసం మొదటి శ్రామిక్ విద్యాపీఠ్ పెట్టారు. 2000లో వీటి పేరు జన్ శిక్షణ్ సంస్థాన్‌గా మారింది.

ఫ్యాక్టరీలో దీనికి చోటు ఇప్పటికే ఉంది. చాలా ప్లాంట్లలో షిఫ్ట్ మొదట్లో పది నిమిషాలు నిలబడి సేఫ్టీ గురించి చెప్తారు, టూల్‌బాక్స్ టాక్ అంటారు. అక్కడ రోజుకో మాట బోర్డు మీద పెద్దగా రాసి, అందరితో చదివించి, ఆ మాట ప్లాంట్‌లో ఎక్కడెక్కడ ఉందో వెతకమనండి. దీనికి ఖర్చు ఒక చాక్‌పీస్. అయితే పది నిమిషాలు గుర్తు చేయడానికే సరిపోతాయి, నేర్పడానికి చాలవు. అసలు పాఠానికి వారంలో రెండు, మూడు అరగంటలు జీతంతో సహా ఇవ్వాలి. యాజమాన్యం ఎందుకు ఇవ్వాలి అంటే, లేబుల్ చదివే హెల్పర్ వల్ల తప్పు డ్రమ్ము వెళ్ళే ప్రమాదం తగ్గుతుంది, రికార్డు రాయడానికి ప్రతిసారీ సూపర్‌వైజర్ అక్కర్లేదు.

బస్తీ లేకపోతే నిలబడదు

ఫ్యాక్టరీ ఒక్కటే చేస్తే ఇంకో చిక్కు. అది తనకి కావాల్సిన మాటలే నేర్పుతుంది. 'జాగ్రత్త' నేర్పుతుంది, 'ఓటీ రెట్టింపు' నేర్పదు. పైగా చాలామంది కాంట్రాక్ట్ వర్కర్లు, ఈ ఏడాది ఇక్కడ, వచ్చే ఏడాది ఇంకోచోట. చదువు వాళ్ళ వెంట నడవాలంటే అది ఉండే చోట కూడా వేళ్ళు దిగాలి.

దీనికి మన జిల్లాలోనే మంచి పాఠం ఉంది. జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో ఉన్న దళిత మహిళల సంఘాలు 2008 అక్టోబర్ 15 నుంచి మాచనూరులో సంఘం రేడియో నడుపుతున్నాయి. ఆ సంఘాల్లో బడికి వెళ్ళని ఆడవాళ్ళే వీడియో కెమెరా కూడా నేర్చుకున్నారు. షాట్లకి ఇంగ్లిష్ పేర్లు పెట్టుకోలేదు. కింద నుంచి పైకి చూసేది 'పటేల్ షాట్', ఎందుకంటే పటేల్‌ని అలాగే తలెత్తి చూడాల్సి వచ్చేది. కళ్ళకి సమానంగా ఉండేది 'సంఘం షాట్', సంఘంలో అందరూ ఒకే ఎత్తులో కూర్చుంటారు కాబట్టి. టెక్నాలజీని తమ బతుకులోని మాటతో పట్టుకున్నారు. బీరంగూడలో పనిచేసిన సూత్రమే ఇక్కడా కనిపిస్తుంది.

అక్షరం చేతికొస్తే ఏమవుతుందో నెల్లూరు చూపించింది. 1990 దశకం మొదట్లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రి బడుల్లో ఆడవాళ్ళు చదువుతో పాటు తమ కష్టాల గురించీ మాట్లాడుకున్నారు. దూబగుంటలో సారా దుకాణం మూయించారు. 1992 నాటికి అది రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్ నుంచి సారా నిషేధం వచ్చింది. చదువు చెప్పినవాళ్ళు 'సారా మానిపించండి' అని ఎవరికీ ఆర్డర్ వేయలేదు. పదిమంది ఒకచోట కూర్చోవడానికి ఒక కారణం దొరికింది, అంతే.

ఉద్యమం వేడి తగ్గాక చదివే పని లేకపోతే నేర్చుకున్నది మర్చిపోతారు. కాబట్టి రోజూ చదవాల్సిన అవసరం చుట్టూ ఉండాలి. పనిచోట ఆ అవసరం ఉంటుంది, బస్తీలో ఓపికగా నేర్పే మనుషులు దొరుకుతారు. రెండూ కలవాలి.

మరి వేరే రాష్ట్రాల వాళ్ళ సంగతి?

మన బస్తీలో ఒక గదిలో ఒడియా, పక్క గదిలో భోజ్‌పురి. ఫ్యాక్టరీల చట్టం 'ఎక్కువమందికి అర్థమయ్యే భాష' అంది. మరి తక్కువమంది సంగతేంటి? వాళ్ళకి తెలుగు లిపి నేర్పడం మొదటి పని కాదని నా అభిప్రాయం. ముందు ప్రమాద గుర్తులు. తర్వాత జీతం స్లిప్పులో అంకెలు. ఆసుపత్రిలో, కిరాణా కొట్టులో పనికొచ్చే నోటి తెలుగు. వాళ్ళ లిపిలో చదవడం నేర్పడానికి వాళ్ళలోనే నాలుగైదు క్లాసులు చదివినవాళ్ళు దొరుకుతారు. మా దగ్గర పదో తరగతి చదివిన ఒక ఒడియా కుర్రాడు తన రూమ్‌మేట్లు ముగ్గురికి నేర్పాడు. మేము పలకలు ఇచ్చాం, అంతే.

మన క్లబ్ ఏం చేయగలదు

ప్రభుత్వ పథకం ఉంది. 2022-27 కాలానికి కేంద్రం 'ఉల్లాస్' నడుపుతోంది, 15 ఏళ్ళు దాటినవాళ్ళకి చదువు చెప్పడం దాని పని. నేర్పేది జీతం లేని వాలంటీర్లే, విద్యార్థులు కూడా చేరొచ్చు. చివర్లో చదవడం, రాయడం, లెక్కలకి 50 మార్కుల చొప్పున 150 మార్కుల పరీక్ష ఉంటుంది. మనం చెప్పినవాళ్ళు అది రాస్తే సర్టిఫికెట్ వస్తుంది.

కానీ తెలుగు క్లబ్‌గా మనం మాత్రమే చేయగల పని ఇంకోటి ఉంది. ఇంటర్న్‌షిప్‌లో నేను ఒక ప్లాంట్‌లో చూసిన తెలుగు బోర్డు: "దహనశీల ద్రవ పదార్థములు, ధూమపానము నిషేధించబడినది." ఇది చదవడానికి నాకే రెండు సెకన్లు పట్టింది. దీన్నే "మంట అంటుకునే సరుకు. బీడీ, అగ్గిపెట్టె వద్దు" అని రాయొచ్చు కదా. కొత్తగా చదువు నేర్చుకున్న మనిషి మొదటి లైనులో ఒక్క ఒత్తు దగ్గరే తడబడతాడు. 'మంట' మన మొదటి పాఠంలోదే. చదువు అంటే రాని మనిషి పైకి రావడం మాత్రమే కాదు, రాసేవాడు కూడా కాస్త కిందికి దిగాలి.

అందుకే ఈ సెమిస్టర్‌కి నా ప్రపోజల్ మూడు ముక్కల్లో చెప్తా. ఒకటి, ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళే ప్రతి ఒక్కరూ అక్కడి తెలుగు నోటీసులు, పర్మిషన్ తీసుకుని, రాసుకుని రండి. మనం కూర్చుని వాటిని మాట్లాడే తెలుగులోకి మారుద్దాం, సేఫ్టీ సార్లతో సరిచూపించి కంపెనీకే తిరిగి ఇద్దాం. రెండు, జీతం స్లిప్పు చదవడం మీద నాలుగు పేజీల పెద్దక్షరాల పుస్తకం రాద్దాం. మూడు, బస్తీ క్లాసుకి వారానికి ఒక్క సాయంత్రం చొప్పున ఆరుగురు కావాలి. షిఫ్టులు మారతాయి కాబట్టి అదే పాఠం రెండు వేర్వేరు టైముల్లో చెప్పాలి.

ఆ తొమ్మిది మంది ఇప్పటికీ వస్తున్నారు. స్లిప్పు అడిగిన పెద్దాయన పోయిన నెల ఓటీ గంటలు వేళ్ళ మీద లెక్కపెట్టి, నాలుగు గంటలు తక్కువ పడ్డాయని కాంట్రాక్టర్‌ని అడిగాడట. "ఇస్తారో ఇయ్యరో తెల్వదు గానీ, అడిగిన" అన్నాడు. వచ్చే సోమవారం నుంచి 'హాజరు' అన్న మాట మొదలుపెడుతున్నాం. రాగలిగినవాళ్ళు సాయంత్రం ఆరున్నరకి కాలేజ్ గేటు దగ్గర కలవండి.